ఫ్రీలాన్స్ వీడియో పనికి రేటు ఎలా చెప్పాలి, ఏం రాసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా వీడియో పనులు పట్టుకోవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు, కొన్నేళ్లుగా చేస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదని బాధపడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. షూటింగ్, ఎడిటింగ్ రెండూ తామే చూసుకుంటూ, అవసరమైతే మరో ఇద్దరు ముగ్గుర్ని కలుపుకునేవాళ్లను మనసులో పెట్టుకుని జవాబులు రాశాను.

"రెండు నిమిషాల వీడియోకి ఎంత తీసుకుంటారు?" అని క్లయింట్ ఫోన్‌లో అడిగితే ఏం చెప్పాలి?

అప్పటికప్పుడు అంకె చెప్పకండి. నిమిషాల లెక్కన రేటు చెప్పడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చే అలవాటు. ఒక మనిషి ఒక గదిలో కెమెరా ముందు కూర్చుని మాట్లాడే రెండు నిమిషాలు వేరు. నాలుగు చోట్ల తిరిగి, ఆరుగురు నటులతో తీసి, యానిమేషన్ కలిపే రెండు నిమిషాలు వేరు. మొదటిది మూడు నాలుగు రోజుల్లో తెములుతుంది, రెండోదానికి నెల పట్టినా ఆశ్చర్యం లేదు. అసలు ఒకే ఫుటేజ్ నుంచి పది నిమిషాల వీడియో చేయడం కంటే 30 సెకన్లది చేయడమే కష్టమైన సందర్భాలు చాలా ఉంటాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది తేల్చుకోవడానికే టైమంతా పోతుంది.

"రేటు చెప్పాలంటే కొన్ని వివరాలు కావాలండీ, ఒక పావుగంట మాట్లాడదామా?" అనండి. మొహమాటానికి పోయి ఏదో ఒక అంకె అనేశారంటే, తర్వాత మీరు ఎన్ని లెక్కలు చూపించినా క్లయింట్ మనసులో ఆ మొదటి అంకే ఉండిపోతుంది. మరీ పట్టుబడితే "ఇంత నుంచి ఇంత మధ్యలో" అని చెప్పండి. అయితే అందులో కింది అంకె మీకు నిజంగా గిట్టుబాటయ్యేదై ఉండాలి, ఎందుకంటే అవతలివాళ్లకు వినిపించేది అదొక్కటే.

ఆ పావుగంటలో ఏమేం అడగాలి?

ఈ వీడియో ఎవరు చూడాలి, చూశాక వాళ్లు ఏం చేయాలి? ముందు ఇది అడగండి. దీనికి క్లయింట్ దగ్గర స్పష్టమైన జవాబు లేకపోతే ఎడిటింగ్ దశలో సవరణలు కుప్పలుతెప్పలుగా వస్తాయి, ఎందుకంటే వాళ్లకేం కావాలో మీ మొదటి కట్ (ఎడిట్ చేసిన తొలి రూపం) చూశాకే వాళ్లు ఆలోచించడం మొదలుపెడతారు. అలాంటి చోట స్క్రిప్టు, ప్లానింగ్ పనిని విడిగా ఒక చిన్న ప్రాజెక్టుగా చేసి, అది ముగిశాక షూటింగ్ రేటు చెప్పడం మేలు.

తర్వాత: వీడియో ఎక్కడెక్కడ వాడతారు, ఎంతకాలం? స్క్రిప్టు ఎవరు రాస్తారు? కెమెరా ముందుకు ఎంతమంది వస్తారు, వాళ్లకు అలవాటు ఉందా? ఎన్ని చోట్ల తీయాలి? ఎన్ని భాషల్లో కావాలి? ఫలానా తేదీకే ఎందుకు కావాలి? తేదీ వెనకున్న కారణం తెలిస్తే, అది కదలనిదో లేక ఊరికే అనుకున్నదో అర్థమవుతుంది.

చాలామంది మర్చిపోయే ప్రశ్న ఒకటుంది. "ఫైనల్‌గా ఓకే చెప్పేది ఎవరు?" మీతో మాట్లాడుతున్న మనిషికి ఆ అధికారం లేకపోతే, మూడు వారాలు ఆయనతో కూర్చుని సరిచేసిన వీడియోను పైనున్న మరొకరు చూసి మొదటికి తెస్తారు. ఓకే చెప్పేవాళ్లు ఒక్కరా, ఐదుగురా అన్నదాన్ని బట్టే రేటు మారాలి.

బడ్జెట్ కూడా అడగండి, అందులో తప్పు లేదు. "మీరు అనుకున్న మొత్తం తెలిస్తే అందులో ఏం చేయగలనో చెబుతాను" అంటే చాలామంది చెబుతారు. చెప్పనివాళ్లకు మూడు స్థాయిల్లో మూడు ప్రతిపాదనలు పంపండి. దేని గురించి వాళ్లు ప్రశ్నలు వేస్తారో దాన్నిబట్టి బడ్జెట్ దానంతటదే తెలిసిపోతుంది.

స్కోప్ (పని పరిధి) ఎంత వివరంగా రాయాలి?

మీరు గానీ క్లయింట్ గానీ ఆరు నెలల తర్వాత తీసి చదివినా, అప్పుడేం అనుకున్నారో ఇంకో అర్థం రాకుండా తెలియాలి. "ఒక ప్రమోషనల్ వీడియో, అవసరమైన ఎడిటింగ్‌తో" అని రాస్తే అది పేచీకి పిలుపే. ఇలా రాయండి:

"ఒక వీడియో, నిడివి 90 నుంచి 120 సెకన్లు, 16:9 (అడ్డం ఫ్రేమ్), 1920 బై 1080 పిక్సెల్స్. ఒకే చోట ఒక రోజు షూటింగ్, భోజన విరామంతో కలిపి 10 గంటలకు మించదు. ఇద్దరు వ్యక్తుల ఇంటర్వ్యూలు. స్క్రిప్టు క్లయింట్ ఇస్తారు, షూటింగ్‌కు 5 రోజుల ముందు ఖరారు చేస్తారు. ఒక భాషలో సబ్‌టైటిల్స్. లైసెన్స్ తీసుకున్న ఒక మ్యూజిక్ ట్రాక్. రెండు విడతల సవరణలు. క్లయింట్ లోగో, ఫోటోలు వాళ్లే అందిస్తారు."

దీనికింద "ఇందులో లేనివి" అని మరో పేరా తప్పకుండా పెట్టండి. యానిమేషన్, వాయిస్ ఓవర్, డ్రోన్ షాట్లు, నటుల పారితోషికం, లొకేషన్ అద్దె, అనుమతుల ఖర్చు, వేరే భాషల వెర్షన్లు, నిలువు వెర్షన్లు, రా ఫుటేజ్ (ఎడిట్ చేయని అసలు ఫుటేజ్), వీటిలో ఏవి లేకపోతే అవి పేరుపేరునా రాయాలి. నా దృష్టిలో కొటేషన్ మొత్తంలో అన్నిటికంటే విలువైన పేరా ఇదే. ఉన్నవాటి గురించి గొడవలు తక్కువ. గొడవంతా "అది కూడా ఉంటుందనుకున్నాం" దగ్గరే వస్తుంది. ఈ పేరా చదివిన క్లయింట్ "అయ్యో, మాకు వాయిస్ ఓవర్ కావాలి కదా" అని పని మొదలవకముందే అంటారు. అప్పుడు ఎవరికీ కోపం రాకుండా రేటు మారుతుంది.

నా రోజు రేటు ఎంత ఉండాలో ఎలా లెక్కేసుకోవాలి?

పక్కవాళ్ల రేటు చూసి కాదు, మీ ఏడాది ఖర్చు చూసి మొదలుపెట్టండి. ఇంటి ఖర్చులు, పన్నులు, బీమా, సాఫ్ట్‌వేర్ చందాలు, హార్డ్ డిస్కులు, పరికరాల రిపేర్లు, నాలుగైదేళ్లకోసారి కెమెరా, కంప్యూటర్ మార్చడానికి పక్కన పెట్టాల్సింది, దాచుకోవాల్సింది అన్నీ కలపండి. ఆ మొత్తాన్ని డబ్బు వచ్చే రోజులతో భాగించాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. ఏడాదికి 365 రోజులు, వారాంతాలు తీసేస్తే 261. సెలవులు, జ్వరాలు, పండుగలకు ఓ 25 తీసేస్తే 236. ఇందులో సగం రోజులు క్లయింట్లను వెతకడానికి, కొటేషన్లు రాయడానికి, బిల్లులకు, నేర్చుకోవడానికి, ఖాళీగా ఉండటానికి పోతాయి. అంటే భాగించాల్సింది ఇంచుమించు 120తో. నెలజీతాన్ని 30తో భాగించి రోజు రేటు పెట్టుకున్నవాళ్లు ఎంత కష్టపడినా ఎందుకు వెనకబడతారో ఈ లెక్క చెబుతుంది.

వచ్చిన అంకె మీ కనీస రేటు. అంతకంటే తక్కువకు చేసిన ప్రతి రోజూ మీ చేతినుంచి పడుతున్నట్టే. మార్కెట్ రేటు, మీ అనుభవం, ఆ వీడియోతో క్లయింట్‌కు కలిగే లాభం, ఇవన్నీ దాని పైన చూసుకోవాలి.

సరే, ఒక వీడియోకి ఎన్ని రోజులు పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

పనిని ముక్కలు చేసి లెక్కేయండి. పైన రాసిన రెండు నిమిషాల ఇంటర్వ్యూ వీడియోనే తీసుకుందాం. క్లయింట్‌తో మాటలు, ప్లానింగ్, లొకేషన్ చూసి రావడం: రోజున్నర. షూటింగ్: ఒక రోజు. ఫుటేజ్ కాపీ చేయడం, ఆడియో కలపడం, అన్నీ విని గుర్తులు పెట్టుకోవడం: ఒక రోజు. రఫ్ కట్ (తొలి కూర్పు), ఫైన్ కట్ (మెరుగుపరిచిన కూర్పు): రెండున్నర రోజులు. కలర్, సౌండ్: ఒక రోజు. సబ్‌టైటిల్స్, పేర్ల గ్రాఫిక్స్: అర రోజు. రెండు విడతల సవరణలు: ఒక రోజు. చివరి ఫైళ్లు, చెకింగ్, బ్యాకప్: అర రోజు. కలిపితే తొమ్మిది రోజులు. క్లయింట్‌కు కనిపించేది ఇందులో ఒక్క రోజే. దాన్ని చూసే "ఒక్క రోజు షూటింగ్‌కి ఇంతా?" అంటారు. ఈ పట్టికను కొటేషన్‌కు జతచేస్తే ఆ ప్రశ్న చాలావరకు ఆగిపోతుంది.

ఈ తొమ్మిదికి 15 నుంచి 20 శాతం అదనం కలుపుకోండి. వాన పడుతుంది, మైక్‌లో గరగర వస్తుంది, మాట్లాడాల్సిన మనిషి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

కంటికి కనిపించని ఖర్చు స్టోరేజ్. 100 ఎంబీపీఎస్‌తో (సెకనుకు 100 మెగాబిట్లు) రికార్డ్ చేస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో మూడేసి గంటలు తీస్తే 270 జీబీ. మూడు కాపీలు ఉంచే జాగ్రత్తపరులకు అది 810 జీబీ. ఏడాది పొడవునా దాచాలంటే ఆ డిస్కుల ఖర్చు కొటేషన్‌లోకి రావాల్సిందే.

ప్రతి ప్రాజెక్టుకూ నిజంగా ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోండి. నాలుగైదు ప్రాజెక్టులయ్యాక మీ అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో మీకే తెలుస్తుంది. చాలామందికి అది సౌండ్ దగ్గర, సబ్‌టైటిల్స్ దగ్గర తప్పుతుంది.

గంటల లెక్క మంచిదా, రోజు లెక్కా, మొత్తం పనికి ఒకే ధరా?

పని పరిధి స్పష్టంగా ఉంటే మొత్తానికి ఒకే ధర. వేరేవాళ్ల టీమ్‌లో కెమెరాకో ఎడిటింగ్‌కో వెళ్తే రోజు లెక్క. పరిధి అసలు తేలని చోట, అంటే పాత ఫుటేజ్‌ను సర్దడం, ఎవరో సగంలో వదిలేసిన ఎడిట్‌ను ముగించడం లాంటి పనులకు గంటల లెక్క. గంటల లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. మీ చేయి తిరిగేకొద్దీ పని త్వరగా అవుతుంది, దాంతో మీకొచ్చే డబ్బు తగ్గుతుంది. అందుకే దాన్ని తప్పనిసరైన చోటే వాడండి.

సవరణలకు హద్దు ఎలా పెట్టాలి?

రెండు విడతలు అనేది ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి, చాలా ప్రాజెక్టులకు సరిపోతుంది కూడా. అయితే "విడత" అంటే ఏమిటో రాయాలి. సంబంధించిన వాళ్లందరి అభిప్రాయాలూ ఒకేచోట చేర్చి, టైమ్‌కోడ్‌తో (వీడియోలో ఏ నిమిషం, ఏ సెకను అన్నది) సహా, ఒకే మనిషి ద్వారా, ఐదు పనిదినాల్లోపు పంపితే అది ఒక విడత. ఇలా రాయకపోతే ఉదయం ఒక మెసేజ్, మధ్యాహ్నం ఒక ఫోన్, రాత్రి ఒక వాయిస్ నోట్ వస్తుంటాయి. అవన్నీ కలిపి ఎన్ని విడతలో ఎవరూ చెప్పలేరు.

దశలవారీగా ఓకే తీసుకోవడం ఇంకా ముఖ్యం. స్క్రిప్టు ఓకే అయ్యాక షూటింగ్, కట్ ఓకే అయ్యాకే కలర్, సౌండ్. ఇలా కట్ ఓకే అయిపోవడాన్నే పిక్చర్ లాక్ అంటారు. అది దాటాక వచ్చే "చిన్న మార్పు" ఎంత పెద్దదో క్లయింట్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరం వాళ్లకు అంతవరకు రాలేదు. కాబట్టి ఓపిగ్గా చెప్పండి. ఉదాహరణకు, వాయిస్ ఓవర్‌లో ఒక్క వాక్యం మార్చమన్నారు. వాయిస్ ఆర్టిస్టును మళ్లీ పిలవాలి, అదే మైక్, అదే గొంతు స్థాయి రావాలి. కొత్త వాక్యం రెండు సెకన్లు పొడవైతే ఆ తర్వాతి షాట్లన్నీ పక్కకు జరగాలి. జరిగితే మ్యూజిక్ బీట్ తప్పుతుంది, దాన్ని మళ్లీ కోయాలి. సబ్‌టైటిల్స్ టైమింగ్ మారుతుంది. మూడు వెర్షన్లుంటే మూడింటినీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, మొదటినుంచి చివరిదాకా చూడాలి. ఒక్క వాక్యానికి ఒక పూట పోతుంది.

మీ పొరపాటు వల్ల వచ్చిన సవరణను మాత్రం విడతల్లో లెక్కేయకండి. పేరు స్పెల్లింగ్ మీరు తప్పు రాస్తే అది మీరే ఉచితంగా సరిచేయాలి.

పని మధ్యలో కొత్తవి అడిగితే "కాదు" అనాలా?

కాదు అనక్కర్లేదు. "తప్పకుండా చేద్దాం, దీనికి అదనంగా ఇంత అవుతుంది, రెండు రోజులు ఎక్కువ పడుతుంది, ఓకే అంటే మొదలుపెడతాను" అని ఒక మెయిల్ రాసి, జవాబు వచ్చాకే చేయి వేయండి. చేసేశాక డబ్బు అడిగితే అది బేరమవుతుంది, చేయకముందు అడిగితే సమాచారమవుతుంది. ఎప్పుడైనా ఒకటి ఉచితంగా చేసిపెట్టాలనిపిస్తే చేయండి. కానీ బిల్లులో దాని అసలు ధర రాసి, పక్కన అంతే తగ్గింపు చూపించండి. లేకపోతే అదొక పని అన్న సంగతే వాళ్లకు తెలియకుండా పోతుంది.

"ఎలాగూ తీస్తున్నారుగా, ఫోన్‌లో చూసుకోవడానికి నిలువుగా కూడా ఒకటి ఇచ్చేయండి" అంటే?

ఇది షూటింగ్‌కు ముందే తేలాలి. 1920 బై 1080లో తీసిన అడ్డం ఫ్రేమ్ నుంచి 9:16 ముక్క కోస్తే వెడల్పు 607 పిక్సెల్సే వస్తుంది, దాన్ని సాగదీస్తే మసకబారుతుంది. 3840 బై 2160లో తీస్తే 1215 వస్తుంది, నిలువు వీడియోకు కావాల్సిన 1080కి సరిపోతుంది. రిజల్యూషన్ కుదిరినా ఫ్రేమింగ్ కుదరాలి కదా. ఇద్దరు పక్కపక్కన కూర్చున్న షాట్‌ను నిలువుగా కోస్తే ఒకరు ఫ్రేమ్ నుంచి ఎగిరిపోతారు. ప్రతి షాట్‌నూ మళ్లీ సర్దాలి, గ్రాఫిక్స్ మళ్లీ పేర్చాలి. దాన్ని విడి వెర్షన్‌గా లెక్కగట్టి ధర రాయండి.

రేటు తగ్గించమంటే ఎంతవరకు తగ్గొచ్చు?

రేటు తగ్గించే ముందు పని తగ్గించండి. "ఆ బడ్జెట్‌లో చేయొచ్చండీ, అయితే రెండో కెమెరా తీసేసి, సవరణలు ఒక విడతకు కుదిద్దాం" అనండి. ఏమీ తగ్గించకుండా ధర మాత్రమే దించితే, మొదట చెప్పింది ఎక్కువ చేసి చెప్పారన్న అనుమానం క్లయింట్‌కు వస్తుంది. అది రావడం న్యాయమే.

పది శాతమే కదా అనుకోవద్దు. 100 చెప్పిన పనిలో మీ ఖర్చు 80 అయితే మిగిలేది 20. పది తగ్గిస్తే మీ లాభం సగానికి పడిపోతుంది.

"ఈసారి తక్కువకు చేయండి, ముందుముందు చాలా పనులిస్తాం" అనేవాళ్లకు తిరగేసి చెప్పండి: మొదటి పని పూర్తి ధరకు, నాలుగో పని నుంచి తగ్గింపు. నిజంగా పనులున్నవాళ్లు దానికి ఒప్పుకుంటారు. స్నేహితులకు, మీరు నమ్మే మంచి పనులకు తగ్గించడం మీ ఇష్టం. అప్పుడైనా స్కోప్ రాయడం మాత్రం మానకండి, చనువున్న చోటే మాటపట్టింపులు ఎక్కువ.

అడ్వాన్స్ ఎంత అడగాలి?

చిన్న పనులకు సగం ముందు, సగం చివరి ఫైళ్లు ఇచ్చేముందు. నెల దాటే పనులకు మూడు భాగాలు: 40 శాతం ఒప్పుకున్నప్పుడు, 40 షూటింగ్ ముగిశాక, 20 ఫైనల్‌కు. అద్దెలు, నటులు, ప్రయాణాలు ఉంటే వాటి ఖర్చు మొత్తం ముందే రావాలి, మీ జేబులోంచి పెట్టకూడదు. అడ్వాన్స్ అందేదాకా షూటింగ్ తేదీ ఖరారైనట్టు కాదని కొటేషన్‌లోనే రాయండి. చూడటానికి పంపే కాపీలపై వాటర్‌మార్క్ వేయండి.

కెమెరా నాదే, అయినా అద్దె వేయొచ్చా?

వేయాలి. మీ దగ్గర లేకపోతే బయట అద్దెకు తెచ్చేవారే కదా. అరిగిపోయేది, పాడయ్యేది, మళ్లీ కొనాల్సింది మీరే. విడి లైన్‌గా చూపించడం ఇష్టం లేకపోతే రోజు రేటులో కలిపేయండి.

మ్యూజిక్ గురించి కొటేషన్‌లో ఏం రాయాలి?

క్లయింట్ ఒక సినిమా పాట పంపి "ఇది పెట్టండి" అంటే, దానికి రెండు అనుమతులు కావాలని చెప్పండి. ఒకటి పాట రచన, స్వరాలకు, రెండోది ఆ రికార్డింగ్‌కు. కొద్ది సెకన్లు వాడితే ఫర్వాలేదన్న మాట అబద్ధం. లైబ్రరీ మ్యూజిక్ కొన్నా, మీ వ్యక్తిగత చందా క్లయింట్ పనులకు, డబ్బు పెట్టి వేసే ప్రకటనలకు వర్తిస్తుందో లేదో లైసెన్స్ చదివి చూసుకోండి. వీలైతే లైసెన్స్ క్లయింట్ పేరిటే తీసుకోండి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (కాపీరైట్ ఉన్న పాటలను గుర్తుపట్టే వ్యవస్థ) క్లెయిమ్ వస్తే చూపించడానికి ఆ కాగితం వాళ్ల దగ్గరుండాలి.

వీడియోను ఎక్కడ వాడుతున్నారన్నదాన్ని బట్టి ధర మారుతుందా?

మారాలి. ఆఫీసు లోపల ఉద్యోగులకు చూపించే వీడియో, ఏడాదిపాటు టీవీలో తిరిగే ప్రకటన ఒకటి కావు. ఏ మాధ్యమం, ఏ ప్రాంతం, ఎంతకాలం అన్న మూడూ రాయండి. నటులు, వాయిస్ ఆర్టిస్టులు ఉంటే ఇది మరీ అవసరం, ఎందుకంటే వాళ్ల పారితోషికం సాధారణంగా ఈ మూడింటి మీదే తేలుతుంది.

రా ఫుటేజ్, ప్రాజెక్టు ఫైళ్లు (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పని ఫైళ్లు) అడిగితే ఇవ్వాలా?

ముందే ఏం రాసుకున్నారో అది. ఏమీ రాయకపోతే గొడవ ఖాయం, చట్టం కూడా దేశాన్ని బట్టి మారుతుంది. ఇవ్వదలచుకుంటే ధర పెట్టండి. కాపీ చేయడానికి పట్టే సమయం, డిస్కు, ఆ ఫుటేజ్‌తో మరొకరు చేసే ఎడిట్ల వల్ల మీకు పోయే పని, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎంతకాలం దాచిపెడతారో కూడా రాయండి. "డెలివరీ తర్వాత 90 రోజులు, ఆపై దాచాలంటే ఏడాదికి ఇంత" అంటే సరిపోతుంది.

ఏఐ టూల్స్ వచ్చాయి కదా, సగం ధరకు చేయమంటున్నారు. ఏం చెప్పాలి?

మాటలను అక్షరాల్లోకి మార్చడం, ఆడియోలో గోల తగ్గించడం, తొలి సబ్‌టైటిల్స్ లాంటివి నిజంగా త్వరగా అవుతున్నాయి. ఆ మేరకు రోజులు తగ్గితే పట్టికలో తగ్గించి చూపించండి, దాచక్కర్లేదు. కానీ ఆ తొమ్మిది రోజుల్లో అవి ముట్టుకునేది ఏ భాగమో కూడా అదే పట్టికలో కనిపిస్తుంది. కెమెరా ముందు బెదిరిపోయిన మనిషితో మాటలు కలిపి, వాళ్ల చేత సహజంగా మాట్లాడించే పని అలాగే ఉంది.

అర్జంట్ పనికి, రద్దయిన షూటింగ్‌కి?

రాత్రిళ్లు, సెలవులు పోగొట్టుకుని చేయాల్సి వస్తే 25 నుంచి 50 శాతం అదనం అడగడం మామూలే. షూటింగ్ రద్దయితే ఎన్ని రోజుల ముందు చెప్పారన్నదాన్ని బట్టి మెట్లు పెట్టండి: వారం ముందైతే అయిన ఖర్చులు మాత్రమే, మూడు రోజుల ముందైతే సగం, ముందు రోజు చెబితే మొత్తం. ఆ తేదీకి మీరు వేరే పని వదులుకున్నారు, మీతో వచ్చేవాళ్లూ వదులుకున్నారు. వానలాంటి ఎవరి చేతిలోనూ లేని కారణానికి ఒకసారి తేదీ మార్చుకునే వీలు విడిగా ఇవ్వండి.

క్లయింట్ జవాబివ్వకుండా నెలల తరబడి మాయమైతే?

రఫ్ కట్ పంపారు, నెలన్నర అయింది, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు, చివరి డబ్బు ఆగిపోయింది. దీనికి మందు కొటేషన్‌లోనే పెట్టాలి: "కట్ పంపిన 14 రోజుల్లోపు స్పందన రాకపోతే ఆ దశ ఆమోదించినట్టే, మిగతా మొత్తం చెల్లించాలి. 60 రోజులు దాటాక మళ్లీ మొదలుపెట్టాలంటే రీస్టార్ట్ ఫీజు ఉంటుంది." చివరి చెల్లింపును డెలివరీకి కాకుండా తేదీకి ముడిపెట్టడం ఇంకా మంచిది. పదో రోజున ఒకసారి, పదమూడో రోజున ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. మెయిల్‌కు పలకని మనిషి ఫోన్‌కు పలకొచ్చు కాబట్టి రెండోసారి ఫోనే చేయండి. మాట్లాడిన విషయాన్ని మాత్రం అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి.